బ్యాంకులో పడేది 13,500, చేతిలో మిగిలేది 9,000

ప్రశ్న: అమ్మా నమస్తే. నాకు 31 ఏళ్ళు. హనుమకొండలో ఒక బట్టల షోరూంలో సేల్స్‌లో చేస్తున్నా, రెండేళ్ళ నాలుగు నెలలైంది. మా షాపులో ఆడవాళ్ళం 14 మందిమి. జీతం బ్యాంకులో 13,500 వేస్తారు కానీ ఏడో తారీఖు సాయంత్రం లోపల అందులోంచి 4,500 తీసి మేనేజర్‌కి ఇచ్చెయ్యాలి, దాన్ని మేమంతా బ్యాలెన్స్ అంటాం. పొద్దున పదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర, పది నిమిషాలు లేటైతే సగం రోజు కట్. రిజిస్టర్‌లో నన్ను హెల్పర్ అని రాసుకున్నారు. పోయినేడు లేబర్ ఆఫీసు వాళ్ళు వచ్చినప్పుడు మేనేజర్ ముందే చెప్పిపెట్టాడు, అందరం జీతం మొత్తం అందుతోందని చెప్పి సంతకాలు పెట్టాం. ఇప్పుడు మా మాట ఎవరు నమ్ముతారు? ఓనర్ మా ఊరాయనే, అన్నా అని పిలుస్తాం, మా పాపకి డెంగీ వచ్చినప్పుడు 20,000 ఇచ్చి నెలకి వెయ్యి చొప్పున పట్టుకున్నాడు. మా ఆయనేమో గొడవ వద్దు, ఉన్నది కూడా పోతుంది అంటాడు. ఏటీఎంలో డబ్బుల్లేక రెండుసార్లు బ్యాలెన్స్ మేనేజర్ బామ్మర్ది నంబర్‌కి ఫోన్‌పే కూడా చేశా, ఆ రోజు చాలా తిట్టాడు. నా డబ్బు నాకు రావాలంటే దారి ఉందా?

సమాధానం:

నువ్వు అంటున్నానని ఏమనుకోకు, మా పెద్దమ్మాయిది నీ వయసే. నీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట నువ్వు చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాశావు. ఫోన్‌పే చేశానని. మేనేజర్ ఎందుకు తిట్టాడో తెలుసా, డబ్బు అందలేదని కాదు, అందినట్టు రుజువు ఉండిపోయిందని. ఆయనకి అర్థమైంది నీకు అర్థం కాలేదు, అంతే తేడా. ఇప్పుడే ఫోన్ తీసి ఆ రెండు పేమెంట్లు స్క్రీన్‌షాట్ తీసుకో, తారీఖు, అవతలి పేరు, ట్రాన్సాక్షన్ నంబర్ కనపడేలా, తీసి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు, గ్రూపుల్లో పెట్టకు, ఆ ఫోన్ మార్చకు, రీసెట్ కొట్టకు. మిగతాది తర్వాత చదువు, పర్లేదు.

నేను లేబర్ డిపార్ట్‌మెంట్లో ఇన్‌స్పెక్షన్ల పని చేసి రిటైరైనదాన్ని, కాబట్టి రెండు వైపులా చూశా. నేను చేరిన కొత్తలో మోసం మొత్తం రిజిస్టర్‌లోనే ఉండేది, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, పక్కన అంకె ఖాళీ, సంతకం పెట్టాక అంకె వేసుకునేవాళ్ళు. అప్పుడు అందరం అనుకున్నాం జీతాలు బ్యాంకు ద్వారా ఇస్తే ఈ బాధ పోతుందని. పోలేదు, బ్యాంకులో వేసి బయట వెనక్కి తీసుకోవడం మొదలైంది, అది ఇంకా ఘోరం, ఎందుకంటే ఇంతకుముందు మోసం చేసినవాడి రికార్డు మురికిగా ఉండేది, ఇప్పుడు తళతళలాడుతూ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి టేబుల్ మీద పెడతాడు, టీ తెప్పిస్తాడు, ఇంకేం కావాలి మేడం అంటాడు.

నువ్వు సిగ్గుపడుతున్న విషయం ముందు మాట్లాడతా. ఆఫీసర్ల ముందు అబద్ధం చెప్పాం అని. అమ్మా, ఓనర్ కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తుండగా ఆయన షాపులోనే నిలబెట్టి జీతం సరిగ్గా ఇస్తున్నారా అని అడిగితే ఇవ్వట్లేదు అనేది ఎవరు? తప్పు అడిగిన పద్ధతిది. నేనూ అలాగే అడిగా చాలా ఏళ్ళు. ఒకసారి ఒక మిల్లులో ఇలాగే అందర్నీ వరసగా అడిగి, అందరూ బాగుందమ్మా బాగుందమ్మా అంటే రాసుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర ఊడుస్తున్న ముసలావిడ తల కూడా ఎత్తకుండా "నువ్వు పోయినంక మాకు మిగిలేది ఆయనే గద బిడ్డా" అంది. ఆ రోజు రాసిన రిపోర్టు చింపి పారేశా. తర్వాత నుంచి నేను జనం దగ్గర వివరాలు తీసుకుంది బస్ స్టాపుల్లోనే, షాపు కట్టేసిన తర్వాత. కాబట్టి మీరు అప్పుడు ఇచ్చిన వాంగ్మూలం కేసుని కొంచెం బరువు చేస్తుంది, నిజమే, వాళ్ళ లాయర్ దాన్నే ఊపుతాడు కూడా, కానీ కేసు పోదు. ఓనర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు, ముందు రోజు మేనేజర్ నేర్పించాడు అని ఇప్పుడు 14 మందీ ఒకే మాట చెప్తే, పక్కన బ్యాంకు కాగితాలు కూడా అదే చెప్తే, ఆ పాత సంతకం విలువ ఎంతో వినే అధికారికి తెలుసు. ఆయనా ఇదే డిపార్ట్‌మెంట్లో పుట్టి పెరిగిన మనిషే.

ఇక చేరేటప్పుడు ఏదైనా కాగితం మీద తక్కువ జీతానికి నాకు ఇష్టమే అని సంతకం పెట్టించుకున్నారేమో (నువ్వు రాయలేదు, చాలాచోట్ల పెట్టిస్తారు), దానికి భయపడే పనే లేదు. కనీస వేతనం నేను వదులుకుంటున్నా అని కార్మికులు రాసిచ్చినా చెల్లదు. 1948 కనీస వేతనాల చట్టంలోనే అది ఉంది, ఇప్పుడు దాని బదులు వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఈ కోడ్ 2019లో పార్లమెంటులో పాసైంది కానీ అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న, పాత చట్టం కింద ఇచ్చిన రేట్లు కొత్తవి వచ్చేదాకా అలాగే నడుస్తాయి, కాబట్టి కొత్త చట్టం వచ్చింది, పాత రేటు పోయింది అని మేనేజర్ ఎవరైనా కథ చెప్తే వినకు.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియంలు, ఫ్లైఓవర్లు కట్టారు, తెలుసో లేదో, నువ్వు అప్పటికి పుట్టలేదు కూడా. అక్కడ కూలీలకి రోజుకి 9 రూపాయల 25 పైసలు ఇవ్వాలి. ఆ డబ్బు జమాదార్ల చేతికి వెళ్ళేది, జమాదారు ఒక రూపాయి తన కమిషన్‌గా పట్టుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. చూశావా, నీ బ్యాలెన్స్ కథే, అంకెలు మారాయి అంతే. పౌర హక్కుల వాళ్ళు దీని మీద జస్టిస్ భగవతికి ఒక ఉత్తరం రాస్తే సుప్రీం కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం అంటే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తీర్పు చెప్పింది. ఆకలి, వేరే గతి లేకపోవడం కూడా బలవంతమే అంది. మనకి ఆ మాటకి వేరే డిక్షనరీ అక్కర్లేదు, మీ తాతల్ని అడిగితే వెట్టి అంటారు. దొర గడీలో చేసినా ఏసీ షోరూంలో చేసినా.

సరే ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం, నాకు ఇష్టమైన చోటు ఇదే. నెలకి 4,500, 28 నెలలు, అంటే 1,26,000 రూపాయలు నీ ఒక్కదానివే ఆయన దగ్గర ఉన్నాయి. పాపకి డెంగీ వస్తే ఇచ్చిన 20,000 ఇందులోంచే ఇచ్చాడనుకో, నీ డబ్బే నీకు అప్పుగా ఇచ్చి నెలకి వెయ్యి వసూలు కూడా చేసుకున్నాడు. నేను ఆయన్ని రాక్షసుడు అనట్లేదు, ఆ రోజు ఆయన నిజంగానే జాలిపడి ఇచ్చి ఉంటాడు, మనుషులు రెండూ చేస్తారు, కానీ ఆ జాలి నీ ఖాతాలో రాసుకుని ఈ 1,26,000 మాఫీ చెయ్యక్కర్లేదు. అందరిదీ కలిపితే నెలకి 63,000, ఏడాదికి 7,56,000. మీలో చాలామందికి తెలీకుండానే ఆ షాపులో మీరు పెట్టుబడి పెట్టేశారు.

అయితే నువ్వు పట్టించుకోని ఇంకో లెక్క ఉంది, అది దీనికంటే పెద్దది. పదింటి నుంచి తొమ్మిదిన్నర అంటే పదకొండున్నర గంటలు, అన్నానికి గంట తీసేసినా పదిన్నర, ఆరు రోజులకి 63 గంటలు. వారానికి 48 దాటితే ఓవర్ టైం, దానికి మామూలు రేటుకి రెట్టింపు ఇవ్వాలి. 13,500ని 26 రోజులతో, మళ్ళీ 8 గంటలతో భాగిస్తే గంటకి దాదాపు 65 రూపాయలు, రెట్టింపు 130, వారానికి 15 గంటలు ఎక్కువ చేస్తున్నావు కాబట్టి 1,950, నాలుగు వారాలకి 7,800. అంటే నువ్వు 4,500 గురించి ఏడుస్తున్నావు, ఆయన దాని పక్కనే ఇంకో 7,800 ఎత్తుకుపోతున్నాడు, అది మీకెవరికీ దొంగతనంలాగే కనిపించట్లేదు. బట్టల షాపన్నాక టైముంటదా అని మనమే అంటాం. పండగ సీజన్లో ఆదివారాలు కూడా పిలిస్తే అది ఇంకా పైన.

లేటుకి సగం రోజు కట్ చెయ్యడం కూడా కుదరదు. రానంత సేపటికి మాత్రమే కొయ్యొచ్చు. జరిమానా అంటారా, దానికి వేరే పద్ధతి ఉంది, ఎంత వేసినా నెల జీతంలో 3 శాతం దాటకూడదు, నీ విషయంలో 405 రూపాయలు, అదీ ఏ తప్పుకి వేస్తారో ముందే ఆమోదం తీసుకుని, నోటీసు పెట్టి, నీ సంజాయిషీ విని వెయ్యాలి.

హెల్పర్ అని రాసుకోవడం ఊరికే రాసుకున్నది కాదు. కనీస వేతనం ఒకటే అంకె కాదు, పనిని బట్టి, నైపుణ్యాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. చీర మడత విప్పి చూపించి, రంగు చెప్పి, బేరం కుదిర్చి బిల్లు దాకా తీసుకెళ్ళే మనిషి హెల్పర్ కాదు, నోటిఫికేషన్లో ఆ పనికి ఏ కేటగిరీ, ఎంత రేటు ఉందో లేబర్ ఆఫీసులో అడిగి చూడు. ఇంకోటి, కనీస వేతనంలో మూల వేతనం కాక వీడీఏ అని కరువు భత్యం ఉంటుంది, ధరల సూచీని బట్టి ఏప్రిల్ ఒకటికి ఒకసారి, అక్టోబర్ ఒకటికి ఒకసారి మారుతుంది. రెండేళ్ళ నాలుగు నెలలుగా నీ బ్యాంకులో అదే 13,500 పడుతోందంటే ఆ అంకె మధ్యలో నాలుగుసార్లయినా మారాల్సింది. అంటే ఆయన రిజిస్టర్‌లో చూపించే జీతం కూడా పాతబడిపోయి ఉండొచ్చు, నీకు రావాల్సిన తేడా 4,500 కంటే ఎక్కువే కావచ్చు. ప్రభుత్వాలు కూడా తక్కువేం తినలేదులే, మూల వేతనాలు ఐదేళ్ళు దాటకుండా సవరించమని చట్టం చెప్తే 2021 జూన్‌లో తెలంగాణలో ఐదు జీవోలు ఇచ్చి గెజెట్‌లో అచ్చెయ్యకుండా కూర్చున్నారు, యూనియన్ వాళ్ళు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. లేబర్ కమిషనర్ ఆఫీసు ఉన్న బిల్డింగుకి అంజయ్య గారి పేరు, ఆల్విన్‌లో కూలీగా మొదలై ముఖ్యమంత్రి అయిన మనిషి. పైనుంచి చూస్తే ఏమనుకుంటాడో.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏం చెయ్యాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, ఫిర్యాదు ఇచ్చి అదే కేసు అనుకుని ఇంట్లో కూర్చుంటారు. ఫిర్యాదు వేరు, క్లెయిమ్ వేరు. ఫిర్యాదు అంటే ఇలా జరుగుతోంది వచ్చి చూడండి అని మీ సర్కిల్ ఏఎల్ఓకి, అంటే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి ఇచ్చేది, అందులో పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు, వాళ్ళు బయటపెట్టకూడదు కూడా. దాని మీద ఇన్‌స్పెక్షన్ జరిగి, నేరం రుజువైతే జరిమానా పడుతుంది. పాత చట్టంలో ఆ జరిమానా ఐదొందలు దాటేది కాదు, ఆరు నెలల దాకా జైలు అని కూడా ఉండేదిలే, ఎవరు వేశారు గనక. ఇప్పుడు మొదటిసారికి 50,000 దాకా, ఐదేళ్ళలోపు మళ్ళీ దొరికితే లక్ష దాకా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ. ఇందాకటి లెక్క గుర్తు తెచ్చుకో, ఏడాదికి ఏడున్నర లక్షలు మిగుల్చుకునేవాడికి 50,000 జరిమానా ఒక నెల ఖర్చు కూడా కాదు, కట్టేసి దసరా స్టాకు తెచ్చుకుంటాడు. పైగా ఆ జరిమానా నీకు రాదు.

నీకు డబ్బు తెచ్చేది క్లెయిమ్. దాన్ని వినడానికి గెజిటెడ్ హోదాకి తగ్గని అధికారి ఉంటారు, ఇదివరకు లేబర్ అసిస్టెంట్ కమిషనర్లు, డిప్యూటీ కమిషనర్లు వినేవాళ్ళు. రావాల్సిన తేడా మొత్తం, దాని పైన నష్టపరిహారం, అది తేడాకి పదింతల దాకా వెయ్యొచ్చు. పదింతలు వేసింది నేను చూడలేదు, నిజం చెప్తున్నా, తేడా ఎంతో అంతే వేసినవి చూశా, దానికి రెండింతలు కూడా చూశా, కానీ పదింతలు అనే మాట పుస్తకంలో ఉండబట్టే చాలామంది ఓనర్లు మూడో వాయిదాకి రాజీకొచ్చేవాళ్ళు. అందరూ కలిసి ఒకే అప్లికేషన్ పెట్టుకోవచ్చు, లేదా మీరు సభ్యులైన యూనియన్ పెట్టొచ్చు, ఇన్‌స్పెక్టర్ కూడా పెట్టొచ్చు. ఇందులో మాత్రం పేరు దాచడం కుదరదు, ఎవరికి ఎంత రావాలో రాయాలి కదా.

గడువు సంగతి జాగ్రత్తగా విను. పాత చట్టంలో ఆరు నెలలే, ఎంతమంది ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి ఓర్చుకుని వచ్చి ఆరు నెలల డబ్బే తీసుకుని వెళ్ళారో నాకు తెలుసు. కొత్త కోడ్‌లో మూడేళ్ళు. నీ 28 నెలల్లో కొన్ని కోడ్ రాకముందువి కాబట్టి ఆ నెలలకి మూడేళ్ళు వర్తించదని వాళ్ళ లాయర్ తప్పకుండా గొడవ పెడతాడు, పెట్టనీ. నువ్వు మాత్రం 28 నెలలూ రాయి. కొట్టేస్తే అధికారి కొట్టేస్తారు, నీ చేత్తో నువ్వు కొట్టేసుకోవడం ఎందుకు. కానీ ఇంకా ఆలస్యం చెయ్యకు.

రుజువు విషయంలో కొత్త కోడ్ ఒక మేలు చేసింది, జీతం తక్కువిచ్చారని క్లెయిమ్ వేస్తే పూర్తిగా ఇచ్చానని చూపించాల్సిన బాధ్యత ఓనర్‌ది. ఆయన ఏం చూపిస్తాడు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూపిస్తాడు. కాబట్టి మన దగ్గర ఆ స్టేట్‌మెంట్ రెండో సగం ఉండాలి. ఎలా అంటావా, నీ బ్యాంకుకి వెళ్ళి 28 నెలల స్టేట్‌మెంట్ ముద్రేసి ఇమ్మను. జీతం పడిన రోజో మర్నాడో ఏటీఎం నుంచి సరిగ్గా 4,500 తీసినట్టు ఉంటుంది, ప్రతి నెలా. ఒక్కదాని స్టేట్‌మెంట్ అయితే ఆవిడ ఇంటి ఖర్చుకి తీసుకుందండీ అంటారు. 14 మంది స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టు, అందరికీ ఏడో తారీఖు లోపల అదే 4,500, కొందరివి అదే ఏటీఎంలో పదేసి నిమిషాల తేడాతో, దానికి ఎవరేం జవాబు చెప్తారు? ఆ పక్కన నీ రెండు ఫోన్‌పేలు పెట్టు, అదే 4,500, మేనేజర్ బామ్మర్దికి, చీరలు కొన్నావా ఆయన దగ్గర? మిగతా వాళ్ళలో కూడా ఇలా ఫోన్‌లో పంపినవాళ్ళు ఉంటారు, అడుగు. వచ్చే నెల కూడా ఏటీఎం ఖాళీగా ఉండొచ్చు, నేనేం చెప్పట్లేదు.

బ్యాలెన్స్ తెచ్చారా అని మేనేజర్ వాట్సాప్‌లో ఎప్పుడైనా పెట్టి ఉంటే, వాయిస్ మెసేజ్ అయినా, డిలీట్ చెయ్యకు. ఎవరెవరు ఏ రోజు ఎంత ఇచ్చారో ఒక చిన్న నోట్‌బుక్‌లో ఈ రోజు నుంచి రాసుకో, వెనక తారీఖులు వేసి ఇప్పుడు రాయకు, అది పట్టేస్తారు, పట్టుబడితే నిజమైనవి కూడా అబద్ధాలైపోతాయి.

టైముకి రుజువు ఏంటి అని అడుగుతావు. షాపులో వేలిముద్ర మెషిన్ ఉంటే ఆ రికార్డు వాళ్ళ చేతిలో ఉంటుంది, దాన్ని తెప్పించమని అధికారిని అడగాలి. నీ చేతిలో ఉన్నది వేరే. నువ్వు ఆర్టీసీ బస్సులో వెళ్తావా? ఆడవాళ్ళకి కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ మీద తారీఖు, టైం, ఎక్కిన స్టేజి అచ్చై ఉంటాయి. మనం దిగగానే పారేస్తాం, డబ్బు పెట్టి కొన్నది కాదు కదా అన్నట్టు. ఇక నుంచి దాచు, రాత్రి తొమ్మిదీ యాభైకి షాపు ముందు స్టాపులో ఎక్కినట్టు నెలకి ఇరవై ఆరు టికెట్లు ఉంటే ఓవర్ టైంకి అంతకంటే ఏం కావాలి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకి మాసిపోతాయి కాబట్టి ఏ వారానికి ఆ వారం ఫోటో తీసి జిరాక్స్ కూడా తీయించు.

పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారో లేదో ఉమంగ్ యాప్‌లో చూసుకో, కడుతుంటే ఎంత జీతం మీద కడుతున్నారో అందులో కనపడుతుంది, అది కూడా ఒక కాగితమే.

ఇంకా ఒక ఎత్తు ఉంది, చివరికి వచ్చేసరికి ఓనర్ నాకేం తెలీదండీ, మేనేజర్ నాకు తెలీకుండా వసూలు చేసుకున్నాడు అంటాడు. మేనేజర్‌ని ఊరికి పంపించేస్తాడు కూడా. అయినా జీతం పూర్తిగా అందేలా చూడాల్సిన బాధ్యత యజమానిదే, ఆ డబ్బు మేనేజర్ తిన్నాడా ఓనర్ తిన్నాడా అన్నది వాళ్ళ ఇంటి గొడవ. ఇంకొందరు నష్టాల్లో ఉన్నాం, ఆన్‌లైన్ వచ్చాక గిరాకీ లేదు అంటారు, దానికి సుప్రీం కోర్టు 1950ల్లోనే చెప్పేసింది, కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకి నడిచే హక్కే లేదని.

మీ ఆయన మాటకి వస్తా. ఆయన పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు. ఉద్యోగం పోయే అవకాశం ఉంది, లేదని నేను చెప్తే అబద్ధం. ఆరు నెలలు దాటి పనిచేసిన వాళ్ళని సరైన కారణం లేకుండా తీసెయ్యకూడదు, తీస్తే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి అని షాపుల చట్టంలో ఉంది, తీసేస్తే లెక్క మొత్తం రెండు పని దినాల్లో తేల్చాలని కోడ్‌లో ఉంది, దాని మీద అప్పీలు ఉంది, అన్నీ ఉన్నాయి, కానీ అవి తేలేదాకా ఇల్లు గడవాలి. అందుకే ఒక్కదానివి వెళ్ళొద్దు అని అంటున్నా. ఒక్కదాన్ని తీసెయ్యడం సులువు, రేపు ఇంకొకళ్ళు వస్తారు. పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఒకేసారి ఎనిమిది మందిని తీసేస్తే చీరలు చూపించేదెవరు? 14 మందీ రారు, ఎప్పుడూ రారు, ఒకళ్ళు ఓనర్‌కి చుట్టం అయ్యుంటారు, ఒకళ్ళు ముందే వెళ్ళి చెప్పేస్తారు కూడా. అందుకని అందరితో ఒకేసారి మాట్లాడకు. నీకు గట్టిగా నమ్మకమున్న ఇద్దరితో మొదలుపెట్టు, షాపులో కాదు, లంచ్ టైంలో కాదు, ఎవరింట్లోనో ఆదివారం. ఆరేడుగురు అయ్యేదాకా ఆఫీసు వైపు వెళ్ళకు. స్టేట్‌మెంట్లు మాత్రం ఎవరికి వాళ్ళు ఇప్పుడే తీసుకోవచ్చు, బ్యాంకుకి వెళ్ళడానికి ఎవరి పర్మిషన్ కావాలి.

పోయినసారి ఇన్‌స్పెక్షన్ సంగతి మేనేజర్‌కి ముందే తెలిసిందన్నావు కాబట్టి, ఫిర్యాదుతో మొదలుపెట్టొద్దు, క్లెయిమ్‌తో మొదలుపెట్టండి. ఫిర్యాదు లీకైతే రాత్రికి రాత్రి రిజిస్టర్లు మారతాయి, క్లెయిమ్ నంబర్ పడిందంటే ఇక మార్చడానికి లేదు. రాసేటప్పుడు మా ఓనర్ చాలా అన్యాయం చేస్తున్నాడు అని పేజీలు నింపకండి, అది ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. పేరు, చేరిన తారీఖు, చేస్తున్న పని, బ్యాంకులో పడింది, వెనక్కిచ్చింది, పని గంటలు, రావాల్సింది, ఇంతే, నెలకి ఒక వరస. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద రిసీవ్డ్ ముద్ర, తారీఖు వేయించుకోకుండా ఆ కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. ముద్ర తర్వాత వేస్తాం, సార్ లేరు అంటారు. కూర్చోండి. లేదంటే రిజిస్టర్ పోస్టులో పంపండి, ఆ రసీదు కూడా ముద్రలాంటిదే.

లాయర్ ఫీజు గురించి భయపడకు. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం ఉంది, మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. యూనియన్ అంటే ఏఐటీయూసీ అయినా సీఐటీయూ అయినా ఇంకోటైనా, మీ ఊళ్ళో షాపు వర్కర్ల కేసుల కోసం నిజంగా తిరిగేవాళ్ళెవరో కనుక్కుని వెళ్ళండి, జెండా రంగు చూసి కాదు. వచ్చిన డబ్బులో ఇంత శాతం ఇవ్వు అనేవాడు తగిలితే మాత్రం లేచి వచ్చెయ్యి.

మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్‌లో రాశారు. ప్రయత్నించాలి అనే రాశారు. ఏడాది పడుతుందనుకుని మనసు సిద్ధం చేసుకో. ఓనర్ మొదటి రెండు వాయిదాలకి రాడు, తర్వాత లాయర్‌ని పంపి టైం అడిగిస్తాడు. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే ఆ అధికారి కలెక్టర్‌కి రికవరీ సర్టిఫికెట్ పంపిస్తారు, భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టు వసూలు చేస్తారు. మధ్యలో ఎక్కడో ఓనర్ మీ ఇంటికొస్తాడు, ఊరివాళ్ళని తీసుకుని, చెల్లెమ్మా మనలో మనకేంటి అంటాడు, ఒక కవర్ పెడతాడు. రాజీ తప్పేం కాదు, నేను చాలా చేయించా, కానీ ఇంట్లో కాదు, అధికారి ముందు, రాతపూర్వకంగా, అందరికీ ఒకే లెక్కన, డబ్బు చెక్కుగానో బ్యాంకులోనో పడ్డాకే సంతకం. కవర్ ముందుగా నీ ఒక్కదానికే ఇస్తాడు చూడు.

ఈ ఆదివారం ఆ ఇద్దరితో మాట్లాడు. సోమవారం బ్యాంకుకి వెళ్ళు. తీసుకున్న స్టేట్‌మెంట్లు, స్క్రీన్‌షాట్ల ప్రింట్లు, టికెట్ల జిరాక్స్‌లు ఒక సెట్ నీ దగ్గర పెట్టుకుని ఇంకో సెట్ మీ అమ్మవాళ్ళింట్లో పెట్టు, షాపు లాకర్లో మాత్రం పెట్టకు. నెలవారీ లెక్క రాసే దగ్గర ఆగిపోతే ఒక నెలది రాసి ఫోటో పంపు, మిగతా 27 నెలలకి ఎలా గీసుకోవాలో చెప్తా.